ఎడారి ఇళ్ళు చూడాలనుంది, వద్దని ఎవరూ అనట్లేదు, వెళ్ళమని కూడా అనట్లేదు

ఈ వారం ఉత్తరం బెంగళూరు నుంచి వచ్చింది, నాలుగు పేజీలు. పేరు రాయొద్దన్నారు, ఊళ్ళు మాత్రం రాసినా పర్లేదన్నారు. ఆవిడకి 34 ఏళ్ళు, ఆర్కిటెక్ట్. మారతహళ్ళి వైపు ఉంటారు, భర్తది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాలుగేళ్ళ పాప, ఏడాదిగా అత్తగారు కూడా వీళ్ళ దగ్గరే. పుట్టిల్లు తాడిపత్రి దగ్గర పల్లె, అత్తగారిది శ్రీకాకుళం. పదేళ్ళుగా చేస్తున్నవన్నీ అపార్ట్‌మెంట్లూ ఆఫీస్ బిల్డింగులే. మొన్న ఒక బిల్డింగ్‌కి పడమటి వైపు రాజస్థానీ స్టైల్‌లో జాలీ, అంటే చిల్లులు చెక్కిన తెర గోడ, కావాలని క్లయింట్ అడిగితే గీసిచ్చారట. జాలీ వెనకాల గాజు, గాజు వెనకాల ఏసీ. "ఇది జాలీ కాదు, జాలీ బొమ్మ అనిపించింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు" అని రాశారు. అసలువి వెళ్ళి చూస్తానంటే బాస్, రిఫరెన్సులన్నీ పింటరెస్ట్‌లో ఉన్నాయి కదా అన్నారట.

అప్పట్నుంచి ఆరు వారాల ప్లాన్ ఒకటి వేసుకున్నారు. జోధ్‌పూర్, జైసల్మేర్, బాడ్‌మేర్, అక్కణ్ణుంచి కచ్‌లో బన్నీ పల్లెలు, మట్టి ఇళ్ళు, హవేలీలనే పాత భవంతులు, నీటి కట్టడాలు అన్నీ చూసి కొలిచి బొమ్మలు గీసుకుని రావాలని. కూడా వస్తానన్న ఫ్రెండ్ వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్ అని ఆగిపోయింది. ఆఫీసులో రెండు వారాల కంటే లీవ్ ఇవ్వరు, కావాలంటే రిజైన్ చేసి వెళ్ళమన్నారు. ఇంటి లోన్ ఇద్దరి జీతాల మీదా నడుస్తోంది. ఆవిడ సొంతంగా దాచుకున్నది లక్షా అరవై వేలు. భర్త "వెళ్ళు, కానీ దేనికో చెప్పు" అంటారు, ఆవిడ చెప్పలేకపోతున్నారు. అత్తగారు "అంత దూరం పోయి గుండ్రటి గుడిసెలు చూడ్డం దేనికమ్మా, నేను పుట్టింది చుట్టింట్లోనే కదా" అన్నారట. చదువు చెప్పిన ప్రొఫెసర్‌ని అడిగితే "ఒక సీజన్ అంతా ఉండకపోతే అది స్టడీ కాదు, టూరిజం" అన్నారు. చివర్లో, సంతకానికి ముందు, ఇంకో లైను ఉంది: "ఈ గొడవలో మా అవ్వ వాళ్ళ మట్టి మిద్దె కూడా ఉగాది తర్వాత పడగొడతానని మా మేనమామ అంటున్నాడు, అది వేరే విషయం లెండి."

ఇక నా జవాబు.

ముందు మీ వారి మాట దగ్గర మొదలుపెడతా, ఎందుకంటే మీ ఉత్తరంలో ఎక్కువ బాధ దాని మీదే ఉంది. "దేనికో చెప్పు" అన్న మాటని మీరు అడ్డు చెప్పడంగా తీసుకున్నారు. నాకైతే అలా వినపళ్ళేదు. ఆరు వారాలు పాపని, ఇంటిని, వాళ్ళమ్మని చూసుకోవాల్సిన మనిషి ఆయన, దేనికోసం చూసుకుంటున్నాడో తెలుసుకోవాలనుకోవడం తప్పేం కాదు. మీకు కోపం వచ్చింది ఆయన అడిగినందుకు కాదేమో, జవాబు మీ దగ్గర లేనందుకేమో అని నా అనుమానం. జవాబు ఎందుకు లేదో మీ ప్లాన్ చూస్తే నాకర్థమైంది, అందులో ఒకటి కాదు మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి, మూడింటికీ ఒకే ట్రిప్‌లో జవాబు వెతుకుదామని చూస్తున్నారు కాబట్టి ఆరు వారాలు కూడా చాలట్లేదు, రెండు వారాలంటే అవమానంగా అనిపిస్తోంది.

మొదటిది ఆ జాలీ ప్రశ్న. నీడ ఎలా కట్టారు, గాలి ఎలా తెచ్చారు అన్నది. దానికి జవాబు జైసల్మేర్‌లో ఉంది, బన్నీలో లేదు. 1156లో రావల్ జైసల్ పెట్టిన ఊరు, కోట లోపల ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, 2013లో యునెస్కో లిస్టులోకి వెళ్ళింది. కింద ఊళ్ళో పట్వాల హవేలీలు ఐదు, 1805లో మొదలుపెట్టారు. అందరూ ఆ చెక్కడం ముందు నిలబడి ఫోటో దిగి వచ్చేస్తారు. మీరు మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి నిలబడండి. పక్కపక్కన ఇళ్ళు, మధ్యలో ఇరుకు సందు, పైన ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీ కిటికీలు, ఝరోఖాలంటారు, ఒక ఇంటి నీడ ఎదుటింటి మీద పడుతూ ఉంటుంది. గోడ నున్నగా లేకుండా అంతా చెక్కి ఉంటుంది కదా, ఎత్తుగా ఉన్న ప్రతి పువ్వూ పక్కనున్న గుంటకి నీడనిస్తుంది, అంటే గోడకి గోడే గొడుగు. జాలీ వెనకాల గాజు లేదు, మనిషి కూర్చుంటాడు. చిన్న చిన్న రంధ్రాల్లోంచి దూరేటప్పుడు గాలి వేగం పెరుగుతుంది, ఎండ మాత్రం ముక్కలై లోపలికొస్తుంది. మీ క్లయింట్ బిల్డింగ్‌లో తప్పిపోయింది ఇదే, జాలీ కాదు తప్పింది, జాలీ వెనకాల ఉండాల్సిన మనిషి.

రెండోది మట్టి కప్పు ప్రశ్న. దీన్ని మీరు ఒక్క లైనులోనే రాశారు, "జైసల్మేర్‌లో మిద్దెల మీద మట్టి పోస్తారట" అని. అది చదవగానే మీ చివరి లైను గుర్తొచ్చింది నాకు. అక్కడ దూలాలు, వాటి మీద కలపో బండలో, వాటి మీద మందంగా మట్టి. తాడిపత్రి వైపు దూలాలు, దంతెలు, బండలు, వాటి మీద మట్టి, ఆ పైన నీళ్ళు దిగనివ్వని చవుడు మట్టి. రెండూ ఎండకి భయపడిన ఊళ్ళే. మందమైన మట్టిలోకి ఎండ వేడి మెల్లగా దిగుతుంది, లోపలికి చేరేసరికి రాత్రవుతుంది, అప్పటికి బయట గాలి చల్లబడి ఉంటుంది కాబట్టి తలుపులు తెరిచేస్తే ఆ వేడి వెళ్ళిపోతుంది. పగటికీ రాత్రికీ తేడా బాగా ఉన్న పొడి ఊళ్ళోనే ఇది నడుస్తుంది, చెన్నైలో ఇలా కడితే రాత్రంతా ఆవిరిలో పడుకున్నట్టుంటుంది. ఒకటే తేడా, జైసల్మేర్‌లో ఏడాదికి వాన 200 మిల్లీమీటర్ల లోపే, అనంతపురంలో 550 దాకా పడుతుంది. అందుకే మనవాళ్ళకి చవుడు కావాల్సొచ్చింది, అందుకే ఏటా వానలకి ముందు మళ్ళీ పోయాల్సొచ్చింది, పోయడం మానేసిన ఏడాది నుంచే మిద్దె కారడం మొదలు. మీ మేనమామ కష్టం కూడా అదే అయ్యుంటుంది. ఆయన్ని తప్పు పట్టకండి, కారే ఇంట్లో ఉన్నది ఆయన, మీరు కాదు.

"అది వేరే విషయం లెండి" అన్నారు చూడండి, అది వేరే విషయం కాదు. మీ ఉత్తరం మొత్తంలో గడువున్న విషయం అదొక్కటే. జైసల్మేర్ కోట వచ్చే ఏడాదీ ఉంటుంది. మీ అవ్వ మిద్దె ఉండదు.

మూడోది గుండ్రటి ఇంటి ప్రశ్న, అది బన్నీది. భుంగా అంటారు వాటిని. ఒకే గది, లోపల అడ్డంగా మూడు నుంచి ఆరు మీటర్లు, ఒక తలుపు, రెండు చిన్న కిటికీలు, పైన గడ్డి కప్పు. 2001 జనవరి 26న కచ్ భూకంపంలో భుజ్‌లో రాతి ఇళ్ళూ కాంక్రీట్ ఇళ్ళూ వరసగా కూలిపోతే, బాగా చూసుకున్న భుంగాలు చాలావరకు నిలబడ్డాయి. కారణం మ్యాజిక్ ఏం లేదు. పెట్టెలాంటి ఇల్లు ఊగినప్పుడు ముందు చీలేది మూలల దగ్గర, గుండ్రటి గోడకి మూలే లేదు, ఊపు చుట్టూ పంచుకుంటుంది, పైన కప్పు తేలిక. అలాగని భుంగా అయితే చాలు నిలబడుతుందని రాసుకోకండి. పూత లేక గోడలు పాడైనవి, సరిగ్గా చూసుకోనివి దెబ్బతిన్నాయి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. భూకంపం అయిన రెండేళ్ళకి నేనూ వెళ్ళా బన్నీకి, అప్పటికి నాకు పాతికేళ్ళు, తొమ్మిది రోజుల్లో పదకొండు పల్లెలు తిరిగా. లోపలి గోడల మీద అద్దాలు పొదిగిన మట్టి పని, లిప్పన్ అంటారు, చూసి పిచ్చెక్కిపోయి వందల ఫోటోలు తీశా. తిరిగొచ్చాక ఒక సెక్షన్, అంటే ఇంటిని నిలువునా కోసినట్టు చూపించే బొమ్మ, గీద్దామని కూర్చుంటే చెయ్యి ఆగిపోయింది. కప్పు మధ్యలో నిట్రాడ దేని మీద నిలబడిందో నాకు తెలీదు. గోడల మీద అడ్డంగా వేసిన దూలం మీద అది నిలబడుతుందని తర్వాత వేరేవాళ్ళు గీసిన డ్రాయింగులో చూసి తెలుసుకున్నా, నేను ఆ దూలం కిందే కూర్చుని టీ తాగొచ్చా. పదకొండు పల్లెలు కాకుండా ఒక్క ఇంట్లో తొమ్మిది రోజులుండుంటే అలా జరిగేది కాదు. అందుకే మీ ప్రొఫెసర్ మాటతో నేను సగమే ఏకీభవిస్తా. సీజన్ అంతా ఉండటం గొప్పే, కానీ స్టడీనా టూరిజమా అన్నది రోజుల లెక్కలో తేలదు, ఎన్ని ఇళ్ళు వదిలేసుకోగలిగారన్న దాంట్లో తేలుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం, ఏది పట్టుకోవాలో నేను చెప్పను, ఏది పట్టుకుంటే ఏమవుతుందో చెప్తా.

రిజైన్ చేసి ఆరు వారాలు వెళ్ళారనుకోండి. లక్షా అరవై వేలు ట్రిప్‌కి సరిపోతాయి, జాగ్రత్తగా ఉంటే మిగులుతాయి కూడా, కానీ లోన్‌లో మీ వాటా ఆ ఆరు వారాలూ, తిరిగొచ్చి ఉద్యోగం దొరికే దాకా ఎవరు కడతారన్నది వెళ్ళే ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే జైసల్మేర్‌లో కొలతలు తీసుకుంటూ కూడా అదే ఆలోచిస్తుంటారు. దీంట్లో ఒక లాభం ఉంది, ఒక్కసారిగా గొంతు పట్టుకున్నది వదిలిపోతుంది. ఒక ప్రమాదం కూడా ఉంది, ఇంత పోగొట్టుకుని వెళ్ళాం కాబట్టి ఏదో పెద్దది తేవాలని ఒత్తిడి పెరిగి నాలాగే పదకొండు పల్లెలు తిరిగేస్తారు. ఈ దారైతే ఆ ఉద్యోగం మీకు ఎలాగూ వద్దు అనిపించినప్పుడే పట్టండి. ట్రిప్ కోసం ఉద్యోగం వదలడం వేరు, ఉద్యోగం వదలడానికి ట్రిప్‌ని సాకు చేసుకోవడం వేరు. మీరు ఏ వైపున్నారో ఉత్తరంలో నాకు తెలియలేదు.

రెండు వారాల లీవ్‌లోనే వెళ్ళారనుకోండి. అప్పుడు ఎంచుకోవాలి, అదే దీంట్లో కష్టం, అదే మంచి కూడా. జాలీ, మట్టి కప్పు మీ ప్రశ్నలైతే జైసల్మేర్ ఒక్కటే, దగ్గర్లో కుల్ధరా కూడా చూడొచ్చు, పాలీవాల్ బ్రాహ్మలు వదిలేసి వెళ్ళిపోయిన ఊరు. దెయ్యాల కథలు చెప్తారు, అవి పక్కన పెట్టి వాళ్ళ ఖడీన్లు ఎలా పనిచేసేవో అడగండి. వాలుకి అడ్డంగా కట్ట వేసి, పడ్డ కాసిని వాననీ ఒక చోట ఆపి, ఆ నేలలో ఇంకిన తడితోనే చలికాలం గోధుమ పండించిన మనుషులు వాళ్ళు. అక్కడ నీళ్ళు అర్థం కాకుండా ఇళ్ళు అర్థం కావు. జైసల్మేర్ కోటకే చూడండి, బిందెల్లో నీళ్ళు మోసుకున్నన్నాళ్ళు గట్టిగా ఉన్న కొండ, పైపుల్లో నీళ్ళొచ్చాక లోపలికి ఇంకి కింద నేల మెత్తబడి గోడలకి ముప్పు తెచ్చింది. గుండ్రటి ఇల్లే మీ ప్రశ్నయితే బన్నీ ఒక్కటే. రెండూ కలపొద్దు, కలిపితే రెండు వారాల్లో నాలుగు రోజులు బస్సుల్లోనే పోతాయి.

ఇంకోటి, ముక్కలు చేసుకోవడం. రెండేళ్ళలో మూడు సార్లు, పది పది రోజులు, ప్రతిసారీ అదే ఇంటికి. దీపావళికి ముందు ఆ వైపు ఇళ్ళకి మళ్ళీ మట్టి పూత పూస్తారు, ఆడవాళ్ళే పూస్తారు, అది ఒకసారి. జనవరి చలి ఒకసారి. ఎండలు ముదరకముందు మార్చిలో ఒకసారి. మే నెల మాత్రం వద్దు, 2016 మే 19న రాజస్థాన్‌లోనే ఫలోదీలో 51 డిగ్రీలకి చేరింది, అలాంటి చోట ఒంటరిగా కొలతలు తీసుకోవడం ధైర్యం కాదు. ఈ దారిలో మీ ప్రొఫెసర్ చెప్పిన సీజన్ కూడా దొరుకుతుంది, ఉద్యోగమూ ఉంటుంది, కానీ ఓపిక కావాలి, రెండేళ్ళ పాటు ప్రతి లీవూ దీనికే పోతుంది, మధ్యలో పాపకి జ్వరమొస్తే ఒక ముక్క జారిపోతుంది. ఇంట్లో వాళ్ళకి సెలవుల్లో మీరు దొరకరు. అది చిన్న విషయం కాదు.

ఒంటరిగా వెళ్ళడం గురించి భయంగా ఉందని రాశారు. ఫ్రెండ్ రాకపోవడం నిజంగా లోటే, కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆ ఇళ్ళల్లో మగ ఆర్కిటెక్టులు గడప దాటలేని గదులు మీకు తెరుచుకుంటాయి. గోడ పూసేది, పొయ్యి వేసేది, గింజల గాదె చేసేది ఆడవాళ్ళు. వాళ్ళ చేతిలోని పని మగవాళ్ళని అడిగితే తెలియదు. హిందీ కొంచెం వచ్చినా నడుస్తుంది. ముందు ఒకరి ద్వారా వెళ్ళండి, తిన్నగా కెమెరా పట్టుకుని గుమ్మం ముందు దిగొద్దు. భుజ్‌లో హున్నర్‌శాల ఉంది, భూకంపం తర్వాత నుంచి మట్టి మేస్త్రీలతో పనిచేస్తున్న సంస్థ, అక్కడ మీ ప్రశ్న ఒక్క పేజీ రాసి పంపండి. అహ్మదాబాద్‌లో సెప్ట్ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ వాళ్ళని కూడా అడిగి చూడండి, ఎవరో ఇప్పటికే కొలిచిన ఇల్లు మీరు మళ్ళీ కొలవక్కర్లేదు. బార్డర్ దగ్గర కాబట్టి రణ్ ఉప్పు ఎడారి వైపు వెళ్ళాలంటే పర్మిట్ తీసుకోవాలి, జైసల్మేర్ పడమర పల్లెలకి కూడా కొన్నిటికి కలెక్టరేట్ వైపు నుంచి అనుమతి కావాలి, డ్రోన్ అయితే ఇంట్లోనే వదిలేయండి. డబ్బు సంగతి మొహమాటపడకండి, ఒక ఇంట్లో వారం రోజులు మీ ప్రశ్నలకి జవాబులు చెప్తూ వాళ్ళ పని ఆగిపోతుంది కదా, భోజనం ఖర్చు కాకుండా ఆ రోజులకి కూలి లెక్కన ఇవ్వండి. తిరిగొచ్చాక గీసిన డ్రాయింగ్ ఒక కాపీ ఆ ఇంటికి పంపండి. అది చాలామంది చెయ్యరు, నేనూ చెయ్యలేదు, ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇవన్నీ ఎలాగున్నా, వీటిలో దేనికీ అడ్డురాని దారి ఇంకొకటి ఉంది. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి మీ అవ్వ ఊళ్ళో ఉంటారు. టేపు, రెండు చవక థర్మామీటర్లు, చార్ట్ పేపరు, టార్చి. ఒక థర్మామీటర్ నడి ఇంట్లో, ఒకటి బయట నీడలో, గంటకోసారి రాసుకోండి. గోడ మందం, దూలానికీ దూలానికీ మధ్య దూరం, వెలుతురు కోసం కప్పులో వదిలిన గవాచి ఎక్కడుంది, దాంట్లోంచి పదింటికి ఎండ ఎక్కడ పడుతుంది, మూడింటికి ఎక్కడికి జరుగుతుంది. చవుడు పోసే ముసలాయన ఊళ్ళో ఎవరో ఒకరు ఇంకా ఉంటారు, ఏ చేలోంచి తెచ్చేవాళ్ళో, చవుడు మంచిదా కాదా నోట్లో వేసుకుని చూసేవాళ్ళా, కాళ్ళతో తొక్కేవాళ్ళా అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. రెండు శనాదివారాల పని. మేనమామతో పడగొట్టొద్దని గొడవపడొద్దు, కొలుచుకుంటానని మాత్రం అడగండి. పడగొట్టే రోజున కూడా ఉండగలిగితే ఉండండి, ఏడుపొస్తుంది, కానీ కప్పు పొరలు ఒక్కొక్కటీ విప్పి చూసే అవకాశం ఇంకెప్పుడూ రాదు. ఆ మట్టి కొంచెం తెచ్చుకోండి, మన ఐఐఎస్‌సీలో మట్టి ఇటుకల మీద పనిచేసిన వాళ్ళున్నారు, 1974లో ఆస్ట్రా అనే విభాగంగా మొదలైంది, వాళ్ళకి చూపించండి.

ఇది ఎడారి ట్రిప్‌కి బదులని అనట్లేదు. దీన్ని చేశాక కూడా జైసల్మేర్ వెళ్ళాలనే అనిపిస్తే, అప్పుడు మీ వారు దేనికని అడిగితే మీ చేతిలో ఒక డ్రాయింగ్ ఉంటుంది, మా అవ్వ ఇంటి కప్పు ఎందుకు కారిందో, అక్కడిది ఎందుకు కారలేదో చూడ్డానికి అని చెప్పగలుగుతారు. చేశాక అనిపించకపోతే, అదీ తెలుసుకోవాల్సిన విషయమే, లక్షా అరవై వేలు పోయకుండానే తెలుస్తుంది.

ఇక మీ అత్తగారు. ఆవిడ మాట ఎత్తిపొడుపుగా రాశారు మీరు. నాకది ఎత్తిపొడుపు కాదు, కబురు. బన్నీ దాకా పోయి గుండ్రటి ఇల్లు ఎలా నిలబడుతుందో వెతుకుతానంటున్నారు, అలాంటి ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి రోజూ మీతో కాఫీ తాగుతున్నారు, ఆవిడని ఇప్పటిదాకా ఒక్క ప్రశ్న కూడా అడిగినట్టు ఉత్తరంలో లేదు. కచ్‌లో గుండ్రంగా కట్టింది భూకంపానికీ ఇసుక గాలికీ తట్టుకుంటే, మన ఉత్తరాంధ్ర తీరంలో గుండ్రంగా కట్టింది తుఫాను గాలికి. తాటాకు కప్పు నేల దగ్గర దాకా దిగుతుంది, గాలి కొట్టడానికి గోడ దొరకదు, జారిపోతుంది. నేను చూసిన చుట్టింట్లో అటక మీద మందంగా మట్టి మెత్తి ఉంది, పైన తాటాకు అంటుకున్నా కింద ధాన్యం కాలదని ఆ ఇంటి ముసలమ్మ చెప్పింది. మీ అత్తగారిది ఎలా ఉండేదో నాకు తెలీదు, ఆవిడకి తెలుసు. పాప పడుకున్నాక ఒక నోట్‌బుక్ తీసుకుని పక్కన కూర్చోండి. తాటాకు ఎన్నేళ్ళకోసారి మార్చేవాళ్ళు, ఎవరెవరు వచ్చి కట్టేవాళ్ళు, పాతది విప్పి కొత్తది ఇంకా ఎక్కని ఆ రాత్రి ఇంట్లో వాళ్ళంతా ఎక్కడ పడుకునేవాళ్ళు, ఇవి అడిగి మొదలుపెట్టండి.